మూడో నంబరు బల్ల

మే నెల, పదకొండు గంటలు.
కూలర్‌లో నీళ్ళయిపోయి ఉత్త గాలి కొడుతోంది.
గోడ మీద కొత్త లిస్టు అంటించిన మైదా
ఇంకా ఆరలేదు.
పాత లిస్టు నా సొరుగులో ఉంది.
తొమ్మిదేళ్ళుగా ఆ కోడ్‌లన్నీ నాకు నోటికొచ్చు,
ఎక్కాల్లాగా.

ఇప్పుడా ఎక్కాలు చెల్లవు.
చరిత్ర ఉన్న చోట టూరిజం,
బోటనీ ఉన్న చోట ఏదో డేటా.
లెక్కలు ఉన్నాయి గానీ
ఇద్దరు కొత్త చుట్టాల్ని వెంటేసుకొచ్చాయి.
"ఇది బీకామేనా మేడమ్?" అంటాడు పుప్పాల నిఖిలేష్.
బీకామే నాయనా, పేరు పొడుగైంది.
"జీతం గూడ పొడుగైతదా?"
వెనక క్యూ అంతా నవ్వింది.
నాకు జవాబు రాలేదు. స్టాంపు వేశాను.

తహూరా వేలు లిస్టు మీద కిందికీ పైకీ.
ఉర్దూ మీడియం ఉందమ్మా, పదకొండో పేజీ,
మధ్యాహ్నం షిఫ్టు.
మధ్యాహ్నం తమ్ముణ్ణి బడినుంచి తెచ్చుకోవాలట.
ఆ మాట రాయడానికి
ఫారంలో గడి లేదు.

తర్వాత జాటోతు సింధూజ.
ఓటీపీ వాళ్ళ నాన్న ఫోనుకి పోయింది.
నాన్న శంకర్‌పల్లి అవతల బోరుబండి మీదున్నాడు.
స్పీకర్లో పెట్టింది.
రాయి లోపల ఇనుము తిరిగే చప్పుడు,
దాని మధ్య నించి ఒక గొంతు:
"నాలుగు... ఏడు... ఏడు కాదు బిడ్డా, ఒకటి..."
గడువైపోయింది. మళ్ళీ పంపాం.
మళ్ళీ గరగర.
మూడోసారి ఆయన బండి ఆపించాడు.
ఆరు అంకెలు
బోరులో తొలి నీళ్ళలా
ఆగి ఆగి పైకొచ్చాయి.

"ఏం తీసుకుంటవమ్మా?"
"జియాలజీ."

నేను లిస్టు వంక చూడలేదు.
నిరుడు ఆ క్లాసులో తొమ్మిదిమంది.
గదికి తాళం వేసింది నేనే.
రాళ్ళ బీరువా మాత్రం కదల్లేదు,
నలుగురు పట్టినా.

ఆ సంగతి చెప్పేలోగా
ఆమె కంపాస్ బాక్సు తెరిచింది.
మందుగోళీల కవర్లలో పొడులు,
కవర్ల మీద బాల్‌పెన్ను రాత.
ఎనభై అడుగులు, మొయినాబాద్, ఎర్రది.
రెండొందల పది, ఘట్‌కేసర్, బూడిద రంగు.
ఆరొందలు, నీళ్ళు పడలే.
"దీంట్ల మెరుపుంది, చూడండి మేడమ్."
చూశాను, పొడి లేచిపోతుందని
ఊపిరి బిగబట్టి.

ఈ ఊరంతా కూర్చున్నది రాయి మీదే.
రెండొందల యాభై కోట్ల ఏళ్ళది.
పేల్చి మేడలు కట్టుకుంటాం,
మిగిలిన గుండుకి సున్నం కొట్టి
అపార్ట్‌మెంటు పేరు రాసుకుంటాం.
దాన్ని చదవడానికి
తొమ్మిదిమంది చాల్లేదు.

డేటా సైన్స్ పెట్టుకో అని నోటిదాకా వచ్చింది.
పొద్దుట్నించి అందరికీ అదే చెబుతున్నాను.
సీట్లున్నాయి, ఏసీ ల్యాబుంది,
చెబితే క్యూ కూడా తొందరగా కదులుతుంది.

నోరు మూసుకుని వెతికాను.
ఊరి చివర ఒక్క కాలేజీలో
కెమిస్ట్రీ పక్కన ఒదిగి ఇంకా ఉంది.
మెట్రో దిగాక రెండు బస్సులు.
మొదటి ఆప్షన్ అది పెట్టు.
రెండోది ఇక్కడే, కెమిస్ట్రీ.
మూడోది మీ ఇంటిపక్కది, ఇష్టం లేకున్నా సరే,
ఖాళీ గడితో మాత్రం సేవ్ కొట్టకు.

"వచ్చే ఏడు అక్కడ గూడ తీసేస్తే?"
చేరినవాళ్ళకు మూడేళ్ళూ చెబుతారమ్మా, అన్నాను.
రూలు అదే.
అదే అనుకుంటున్నాను.
సాయంత్రం ఎవరినైనా అడగాలి.

కవర్లు లోతు ప్రకారం సర్దుకుంటోంది,
ఫోను మోగింది.
"పడ్డదా?"
నీళ్ళ సంగతి అడిగినట్టే అడిగాడు.
"ఇంక లేదు నాయినా, జూన్ల తెలుస్తది."
సరే, అన్నాడు.
అటువైపు బండి మళ్ళీ మొదలైంది.