మలిపితేనే

ఎవరొచ్చినా ముందు నోటితోనే కారు నడిపి చూపిస్తరు.
స్కూలు సారు టిక్కు టిక్కు అంటడు,
పాలవ్యాను పిలగాడు నాలిక మడిచి కటకట కొడ్తడు.
బత్తాయిల ఏజెంటు ఉప్పలయ్య మాత్రం
రెండు వక్కలు అరచేతిల రుద్ది
"గిట్ల" అన్నడు.

గాలయ్య ఉస్తాద్ నవ్వలే.
"సక్కగ పోతే ఉంటదా?"
"ఉండది."
"మలిపితే?"
"మలిపితేనే."
"బరువు మీదనా, ఖాళీగనా?"
ఉప్పలయ్య నా మొకం చూసిండు.
ఎనక సీటు పీకేసి పదేండ్లు,
ఆ ఇండికా ఖాళీగ ఎప్పుడున్నది గనక.

కొండమల్లేపల్లి అంగడి జాగ.
అంగడి లేదు, గొర్లు లేవు, గొర్ల వాసనే ఉన్నది.
స్టీరింగు ఎడమకు ఆఖరుదాక తిప్పి
మెల్లగ రేసియ్యమన్నడు నన్ను.
బంతికి కట్టిన ఎద్దు లెక్క
బండి తన దుమ్ముల తనే తిరిగింది.
నడుమ ఉస్తాద్.

ఆయన మెడ తిరగదు.
మర్రిగూడ బోరింగు నీళ్లు తాగి పెరిగిన మెడ.
నేను తిరిగినకొద్దీ పాదాలు జరుపుకుంట
మొత్తం మనిషే తిరుగుతుండు,
చెవి బండి మీదికెల్లి తియ్యకుంట.
మూడో చుట్టుకు వినొచ్చింది:
కట్. కట్. కట్కట్కట్.
"ఇగ కుడికి."
కుడికి మలిపితే ఏమెరగనట్టు ఊకున్నది.

"ఎడమకు పోతే బరువు కుడి కాలు మీద పడ్తది.
నొచ్చే కాలే అరుస్తది."
గుయ్యిమని మోగి, స్పీడుతోని పెరిగితే బేరింగు.
కాలు తీసి మళ్ల తొక్కంగనే దబ్బుమంటే లోపలి జాయింటు.
ఇది బైటిది.

జాకీ పెట్టి నేను కిందికి దూరిన.
ఆయన దూరలేడు, మోకాళ్లు వంగక తొమ్మిదేండ్లాయె.
పైనుంచి అడుగుతడు.
"బూటు?"
"చినిగింది ఉస్తాద్, మడత కాడ. వేలు పడ్తది."
"గ్రీసు?"
"రిమ్ము లోపలంత చిమ్మింది."
"వేళ్ల నడుమ రుద్ది చూడు."
రుద్దిన. ఇసుక.
"షాఫ్టు పట్టి అటు ఇటు తిప్పు."
పలికింది,
ఊగే పన్ను నాలికకు తెలిసినట్టు.

పిడికెడంత రబ్బరు.
చినిగిన నాడే చూస్తే గ్రీసు నింపి, బూటు మార్చి పంపేటోళ్లం.
లోపల ఆరు గుండ్లు మట్టి తినుకుంట తిరిగినయ్.
గుంటలు పడ్డంక ఏ గ్రీసూ మాన్పదు.
"సప్పుడు వినొచ్చిందంటేనే ఆలిశమైనట్టు" అన్నడు ఉస్తాద్.
ఉప్పలయ్య వక్కలు నోట్లేసుకున్నడు.
"ఈ కాత అయిపోనియ్యి."
"అయితే అప్పటిదాక ఎడమకు మలుపకు."
ఇద్దరూ నవ్విన్రు.
బండి ఎడమకు మలుపుకొనే రోడ్డెక్కింది.

మాపటికి రేకుల తలుపు గుంజుతుంటే
ఉస్తాద్ స్టూలు మీదికెల్లి లేసిండు.
నాకొక్కనికే వినొచ్చింది.
ఇన్నేండ్లు ఎన్ని బండ్ల సప్పుళ్లు నోటితో చేసిన,
ఆ సప్పుడు చెయ్యరాదు నాకు.