లెక్కల పుస్తకం వెనక పేజీలో

మా బ్యాండు పేరు ఉక్కపోత.
బెజవాడలో పుట్టినవాళ్ళకి ఇంకేం పేరు దొరుకుతుందని
నాంచారయ్య అన్నాడు, చొక్కా పిండుకుంటూ.
అదే ఖాయమైంది.

ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు
ఆదివారం మధ్యాహ్నాలు మాది.
అద్దె: వెల్డింగు మస్తానుకి రెండు టీలు,
అతను పాడే ఒక పాత పాట, మా వాయింపుతో.
రెండోదే ఖరీదు.

డ్రమ్ములు నావి. లెక్కలూ నావే.
తాళం తప్పనివాడు పైసా తప్పడని వీళ్ళ నమ్మకం.
రెండూ తప్పుతుంటాను.

నా పెద్ద డ్రమ్ము కొన్నది కాదు.
రైవస్ కాలువలో, వంతెన కింద,
గుర్రపుడెక్కలోకి నడుందాకా దిగి
చెత్త సంచులు లాగుతుంటే
నీలం పీపా ఒకటి మోకాలికి తగిలింది.
సువార్త వేలితో కొట్టి చూసి
"ఏడుస్తోంది, ఇంటికి తీసుకుపోదాం" అంది.
మూడుసార్లు కడిగాం. ఇప్పటికీ
వాన ముందు రోజు వాసన వేస్తుంది.

ఒడ్డున నిలబడి ఒక పెద్దాయన అడిగాడు,
"ఏ పార్టీ బాబూ మీది?"
"ఉక్కపోత" అన్నాడు బాజీ.
"గుర్తేంటి?"
"చెమట చుక్క."
ఆయన చాలాసేపు ఆలోచించి
"గెలవరు" అన్నాడు.
చేతిలో ప్లాస్టిక్ కప్పు కాలువలోకి విసరబోయి
ఆగి, జేబులో పెట్టుకున్నాడు.
ఇంతవరకూ మాకు పడిన ఓటు అదొక్కటే.

వన్‌టౌన్‌లో రికార్డింగు, గంటకి ఎనిమిది వందలు.
యంత్రం ముందు కుర్రాడు మంచివాడే.
సువార్త గొంతు మీద ఇస్త్రీపెట్టె నడిపించాడు,
ఒక్క ముడత లేకుండా.
విన్నాం. ఎవరో పాడుతున్నారు, బాగానే పాడుతున్నారు.
"నేనెక్కడ?" అంది సువార్త.
మూడో చరణంలో పగిలే ఆ జీర వాళ్ళమ్మది.
కృష్ణలంక కరకట్ట కింద
నీళ్ళ ట్యాంకరు వెంట ఎండాకాలమంతా కేకలేసి
ఆమె సంపాదించిన ఆస్తి.

షెడ్డుకే వచ్చి, ఒక్క మైకు పెట్టి, ఒక్క ఊపులో పాడాం.
మధ్యలో లారీ హారను పడింది.
తీసేద్దామని ఒక గంట, ఉంచుదామని మూడు గంటలు
పోట్లాడుకున్నాం.
ఉంచాం. శ్రుతిలోనే ఉంది, దరిద్రం!

తర్వాత నీళ్ళ సీసాల కంపెనీ ఆయన వచ్చాడు.
బ్యారేజీ దగ్గర వేదిక, నలభై అడుగుల ఫ్లెక్సీ,
వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా సీసా,
మాకు లక్షన్నర.
పర్యావరణ దినోత్సవమట.
ఆ క్షణాన మేం నవ్వి ఉంటే ఆయనా నవ్వేవాడేమో.
నవ్వలేదు.
నేనైతే లక్షన్నరని పెన్సిలుతో రాసేసుకున్నాను కూడా.
బాజీ కూతురికి ఫీజు కట్టాలి,
నాంచారయ్య బేసు తాకట్టులో ఉంది.
ఆ రాత్రి ఎవరికెవరం ఫోన్ చేసుకోలేదు.
తెల్లారాక బాజీయే చేశాడు: "వద్దని చెప్పెయ్."
ఎందుకని అడగలేదు.
రబ్బరుతో చెరిపాను.
వెలుతురుకి పట్టి చూస్తే సున్నాలు ఇంకా కనిపిస్తాయి.

చివరికి కచేరీ షెడ్డు ముందే.
నంబరు ప్లేట్లు రాసే వీరాస్వామి
రేకు ముక్క మీద మా పేరు రాశాడు,
అలవాటు కొద్దీ కింద "హారన్ కొట్టండి" అని కూడా.
పందొమ్మిది మంది వచ్చారు.
రెండో పాటలో కరెంటు పోయింది.
గిటారు గాలి తీసిన టైరు, అద్దెకి తెచ్చిన బేసు అంతకంటే.
మిగిలింది నీలం పీపా, సువార్త.
చీకట్లో మస్తాను పానా తీసుకుని
ఇనప బద్ద మీద తాళం అందుకున్నాడు.
తప్పు తాళం.
ఒక్క క్షణం ఆగి, నేనే ఆ తప్పులోకి దిగాను,
కాలువలోకి దిగినట్టే, ముందు మడమ, తర్వాత నడుము.
సువార్త నవ్వుతూనే పాడింది, గొంతు పగిలినచోట పగలనిచ్చి.
దారినపోయే లారీ దీపం రేకు మీద పడింది.
డ్రైవరెవరో బుద్ధిమంతుడు,
చదివి, పొడుగ్గా హారను కొట్టి వెళ్ళిపోయాడు.

జమ: నాలుగు వందల ముప్పై, చెల్లని నాణెం ఒకటి.
ఖర్చు: టీలు, బేసు అద్దె. తేడా నేను వేశాను.
పీపా వాసన వేస్తోంది.
రేపు వాన.