మధ్య సీటు

అబర్డీన్ నుంచి లండన్‌కి
గాల్లో ఉండేది గంటా పావు.
కుక్కర్లో శనగలు పెట్టి
ఆవిరి పోయాక మూత తీసేంత సేపు.
దానికి బిజినెస్ క్లాసా అని
అందరికంటే ముందు నవ్వింది నేనే.

ఆరేళ్ళ బియ్యం బస్తాలూ, నూనె సీసాలూ, సబ్బు పొడీ
సూపర్ మార్కెట్ కార్డులో పాయింట్లై పేరుకున్నాయి.
లెక్క తీస్తే ఒక్కరికి సరిపోయాయి,
ఇద్దరికి చాల్లేదు.
"నీ మోకాళ్ళకి" అన్నాడు భానోజీ.
"నీ పొడుగుకి" అన్నాను.
వంటింటి బల్ల మీద నాణెం ఎగరేశాం.
రాజుగారి తల నా పక్షాన పడింది.

ఉదయం ఆరున్నర.
రన్‌వే మీద సముద్రపు మంచు
ఎవరో మడత పెట్టడం మరిచిన దుప్పటిలా పడుంది.
నన్ను ముందు పిలిచారు.
ముందు ఎక్కిన పుణ్యానికి
వెనక్కి పోయేవాళ్ళ బ్యాగులన్నీ
ఒక్కొక్కటిగా నా భుజాన్ని పలకరించాయి.
ఆ వరసలోనే వచ్చాడు భానోజీ,
ముక్కూ మొహం తెలియనట్టు
"ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్" అని
కన్ను గీటి
పదిహేడో వరసకి పోయాడు.

తీరా చూస్తే సీటు అదే సీటు.
అదే నీలం తోలు, అదే వెడల్పు,
మోకాలికీ ముందు సీటుకీ మధ్య
అదే నాలుగు వేళ్ళ సందు.
తేడా అల్లా మధ్య సీటు.
అందులో ఎవరూ ఉండరు.
చిన్న బల్ల ఒకటి బిగించి
ఖాళీని అక్కడ కూర్చోబెట్టారు.
నేను కొనుక్కున్నది ఆ ఖాళీనే.

టోరీలో, చేపల గోదాం వెనక గదిలో
నలుగురు నర్సులం రెండు మంచాలు పంచుకున్న ఏడాది
ఒకత్తె నైట్ డ్యూటీకి పోతే
ఆమె వదిలిన సగం మంచం
కాసేపు వెచ్చగా ఉండేది.
దానికి ఎవరమూ
ఎవరికీ ఏమీ కట్టలేదు.

తెర లాగింది మోరగ్ అనే ఆవిడ.
బూడిదరంగు గుడ్డ, పైన కమ్మీ.
నిన్న ఇది ఆరో వరస దగ్గరుందట,
ఇవాళ మూడుకే ఆగింది.
ఎంతమేర అమ్ముడైతే అంతమేర గొప్ప.
నిన్న ఐదో వరసలో దొరబాబు,
ఇవాళ అదే ఐదులో మామూలు మనిషి.
అతని సీటుకి మాత్రం ఈ సంగతి తెలీదు.

పింగాణీ పళ్ళెం వచ్చింది, నిజం చెంచా వచ్చింది,
వేడి స్కోను, వేలెడంత జాము సీసా.
కిటికీ పక్క టై కట్టుకున్నాయన
విమానం కదలకముందే నోరు తెరిచి నిద్రపోయాడు.
ఆయన పళ్ళెం ఆయనకోసం చల్లారింది.
నేను స్కోనుని రెండు చేశాను.
గుడ్డ రుమాలు తీస్తే దొంగతనం.
వాంతుల సంచీ కొత్తది, శుభ్రంగానే ఉంది.
అందులో సగం దాచాను.

తెర వెనక నుంచి ఒకసారి నవ్వు వినబడింది.
ఆ నవ్వు నాకు తెలుసు.
దేనికో మాత్రం తెలీలేదు.
ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి
అడగడానికి వీల్లేని దూరం, పద్నాలుగు వరసలు.

హీత్రోలో నేను దిగి
నాలుగు నిమిషాలు నిలబడ్డాను.
మెడ ఒక పక్కకి వాలిపోయి వచ్చాడు.
"నాదీ మధ్య సీటే.
ఇటు పీటర్‌హెడ్‌లో పీతలు పట్టే ముసలాయన,
అటు ఏదో పరీక్షకి పోయే పిల్ల.
చెరో భుజం మీదా పడుకున్నారు.
ఎలా కదలను?"

బెల్టు మీద అతని పెట్టె ముందొచ్చింది.
'ప్రయారిటీ' చీటీ కట్టిన నాది
అందరివీ పోయాక, ఊగుతూ ఊగుతూ వచ్చింది.

"ఇంతకీ గిట్టుబాటైందా?" అన్నాడు.
ఏం చెప్పాలో లెక్క వేసుకుంటూ
సంచీ చేతిలో పెట్టాను.
తెరిచి, లోపలికి తొంగి చూసి,
వాసన కూడా చూసి,
"జాము ఏదీ?" అన్నాడు.