ఖాళీలను పూరింపుము

ఐర్లండ్‌కి పడమట, గోర్ట్ ఊళ్ళో
మందుల షాపు పైగదిలో
మంగళవారం రాత్రి ఏడింటికి
మేం ఎనిమిదిమందిమి మాటలు నేర్చుకుంటాం.
చేతులు ఎన్నిసార్లు కడిగినా
వేళ్ళ సందున కొవ్వు జిడ్డు పోదు.
కాగితం అంచున బొటనవేలు మరక పడుతుంది,
పేరు రాయకపోయినా ఎవరిదో తెలిసిపోతుంది.

నూలా హెనెగన్ టీచరు
రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక వస్తుంది.
తడిసిన రెయిన్‌కోటు హీటరు మీద ఆరేసి
బోర్డు మీద రాస్తుంది:
స్మెల్, సెంట్, ఓడర్, స్టెంచ్.
"అన్నీ వాసనే. కానీ అన్నీ ఒకటి కాదు."
నేను రాసిన మొదటి వాక్యం:
మా ఫ్యాక్టరీ సెంట్ నా జుట్టులో ఉంది.
ఆమె ఎర్ర పెన్ను ఎత్తింది, ఆగింది,
మూత పెట్టేసింది.
"తప్పే. అయినా ఉండనీ."

గ్రాసియేలి ఓసారి మేనేజరు భార్యని
స్కిన్నీ అంది, పొగుడుతున్నాననుకుని.
స్లెండర్ అనాలట.
బక్కచిక్కడానికీ నాజూకుకీ మధ్య దూరం
రెండు ఆదివారాల డ్యూటీ.

పోయిన వారం కోతల వంతు.
కట్, చాప్, స్లైస్, హ్యాక్, ట్రిమ్.
టీచరు చేత్తో గాలిని కోసి చూపిస్తోంది,
ఏది చూసినా ఉల్లిపాయ తరిగినట్టే ఉంది.
వాల్దెసీర్ నవ్వాపుకోలేక దగ్గాడు.
పదకొండేళ్ళుగా ఎముకనుంచి మాంసం విడదీసేవాడు,
లేచి వెళ్ళి, ఆమె మాకోసం తెచ్చిన సోడా బ్రెడ్ ముందు పెట్టుకుని
స్కేలుని కత్తిలా పట్టాడు.
ఇది నరకడం, భుజంలోంచి వస్తుంది, కోపం ఉన్నా లేకున్నా.
ఇది కోయడం, మోచేయి చాలు.
ఇది తరగడం, మణికట్టు.
ఇదిగో, ఇది చెక్కడం.
ఇందులో చెయ్యేమీ చెయ్యదు,
కత్తి తనకు తెలిసిన దారిన తను పోతుంది.
టీచరు గబగబా రాసుకుంది.
ఆ రాత్రి ఆవిడా హోంవర్కుతోనే ఇంటికెళ్ళింది.

నాకు చిక్కొచ్చింది ఈ వారమే.
ఖాళీలు మూడు, మాటలు మూడు:
వెయిట్, ఎక్స్‌పెక్ట్, హోప్.
మా గోయాస్‌లో మూడింటికీ ఒకటే మాట, ఎస్పెరార్.
బస్సుకైనా, వానకైనా, కడుపులో బిడ్డకైనా
అమ్మ ఆ ఒక్కదాన్నే
పాత కంబళిలా అందరిమీదా కప్పేది.
ఎవరి కాళ్ళూ బయటికొచ్చేవి కావు.

ఇక్కడ దాన్ని మూడు ముక్కలు చేశారు.
వెయిట్ అంటే ఉన్నచోట నిలబడటం.
ఎక్స్‌పెక్ట్ అంటే వస్తారని తెలిసి
ఇంకో కప్పు కడిగిపెట్టడం.
హోప్ అంటే
తెలియకపోయినా కడిగిపెట్టడం.
"సరిగ్గా చెప్పావు" అంది టీచరు.
సరిగ్గా చెప్పాక చలేసింది.

డబ్లిన్‌నుంచి నా పర్మిట్ కాగితం రావాలి.
తొమ్మిది వారాలైంది.
మొన్నటిదాకా ఫోన్లో ఎస్పెరో అనేదాన్ని,
చెల్లెలు నెయిజి తనకే అర్థం కావాలో అది తీసుకునేది.
నేనూ అంతే.
ఇప్పుడు తలుపు సందులోంచి ఉత్తరాలు పడ్డ చప్పుడికి
మెట్లమీదే ఆగిపోయి అడుగుతున్నాను,
జుసిలేనీ, నువ్వు చేస్తున్నది
ఈ మూడింట్లో ఏది?

గురువారం సూపర్‌వైజర్ డెక్లాన్
ఇనప గొలుసుల తొడుగు చేతికి బిగించుకుంటూ
"నీ కాగితం ఏమైంది?" అన్నాడు.
మూడు మాటలూ నాలుకమీదికొచ్చి
ఒకదాన్నొకటి తోసుకున్నాయి.
ఈలోగా లైను కదిలింది.
"వెయిటింగ్" అన్నాను.
అందులో అయితే అబద్ధం ఉండదు.

టీచరు కాగితంలో మాత్రం
రెండు ఖాళీలు నింపి
మూడోది అలాగే ఇచ్చేశాను.
ఈ మంగళవారం తిరిగొచ్చింది.
మార్కు వేయలేదు, కొట్టేయనూలేదు.
ఆ గీత పక్కన
పెన్ను ఆనించి ఆలోచించిన చోట ఒక ఎర్ర చుక్క,
దానికంటుకుని
సోడా బ్రెడ్ పలుకు.