బ్రేకు మీద వేలు

ఇరవై రెండేళ్లుగా నాకు జీతమిస్తున్నది
బస్సు నడిపినందుకని అందరూ అనుకుంటారు.
కాదు, ఆపినందుకు.
గొర్రె అడ్డొస్తే ఆపాలి,
మబ్బు రోడ్డుమీదికి దిగితే ఆపాలి,
బడి గేటు దగ్గర
నలభై మంది పిల్లల్ని కుదుపు లేకుండా ఆపాలి.
నా కుడిపాదం నాకన్నా ముందు భయపడుతుంది.
అందుకు కంపెనీవాళ్లు దానికి ఓ పతకం కూడా ఇచ్చారు.

అలాంటిదాన్ని,
యాభైకి రెండు తక్కువలో,
ఉత్తర వేల్స్‌లో మూతబడిన పలకరాతి గని మీద
మట్టితో కట్టిన దిబ్బ ముందు నిలబడ్డాను
సైకిలు పట్టుకుని.
(లోకంలో సగం ఇళ్ల కప్పులు, సగం పిల్లల పలకలు
ఈ కొండ కడుపులోంచి పోయినవేనంటారు మావాళ్లు,
గొప్పలకి.)

దిబ్బ పెద్దదేం కాదు. నడుమెత్తు.
పైన బల్లలా చదును, అవతల వాలు.
అవతల వాలు ఉందని
ఇవతల నిలబడ్డవాళ్లు నమ్మాలి.

గ్వియోన్‌కి పన్నెండేళ్లు.
నా బస్సులో మూడో వరుస, కిటికీ పక్క.
ముందుపళ్లలో ఒకటి సగమే ఉంది,
ఎలా పోయిందో వాళ్లమ్మకి ఇంకా తెలీదు.
"హెలెద్," అన్నాడు. బస్సులోనైతే మిసెస్ ప్రిచర్డ్‌ని.
"అంచు దగ్గర బ్రేకు ముట్టుకోవద్దు.
అదొక్కటే. మిగతాది సైకిలుకి తెలుసు."

అదొక్కటే!
చేపని నీళ్లు తాగొద్దన్నట్టు.

మొదటిసారి అంచుదాకా వెళ్లి ఆగాను.
రెండోసారి ఆగాను.
ఆ తర్వాత నేను లెక్కపెట్టలేదు, వాడు పెట్టాడు.
పదకొండు.
వాన మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలైంది.
జేబులోంచి తడిసిన బిస్కెట్ తీసి
పెద్ద సగం నాకిచ్చాడు.
"నువ్వు భయపడట్లేదు. నీ రెండు వేళ్లే."

చూసుకున్నాను.
చూపుడువేళ్లు రెండూ కొక్కేల్లా ముడుచుకుని
తెల్లగా పాలిపోయి ఉన్నాయి.
కిందటేడు మార్చిలో, ఇదే దిబ్బ మీద,
సగంలో మనసు మార్చుకుని ముందుబ్రేకు నొక్కిందీ ఇవే.
విరిగింది మాత్రం కాలర్ బోన్.

మా తాత ఈ కొండలోనే
తొడకి ఇనపగొలుసు ఒక్క చుట్టు చుట్టుకుని
రాతిగోడకి వేలాడి సుత్తి కొట్టినవాడు.
భయమేసేదా తాతా, అంటే
టీలో చక్కెర కలుపుతూ చాలాసేపు ఆలోచించి
"సోమవారాలు," అనేవాడు.
మొన్నటిదాకా నాకు అర్థం కాలేదది.
ఆదివారం ఒక్కరోజు నేలమీద నడిస్తే చాలు,
కాళ్లు మళ్లీ నేలవైపోతాయి.

పన్నెండోసారి
ధైర్యం వచ్చిందని చెప్పను. రాలేదు.
నోట్లో తడి లేదు,
మోకాళ్లు వాటి మానాన అవి వణుకుతున్నాయి.
వేళ్లు రెండూ విప్పి
పిడి చుట్టూ వేశాను, అంతే.
చూపుని దిబ్బమీంచి ఊడబెరికి
అవతల ఎవరో పారేసుకున్న
పసుపుపచ్చ చేతితొడుగు మీద పెట్టాను.

చక్రాల కింద గరగర.
గరగర.
ఆ గరగర లేదు.

నాకు గుర్తున్నది ఆ లేకపోవడమే.
ఆకాశం గుర్తులేదు, గాలి గుర్తులేదు.
ఇరవై రెండేళ్లలో మొదటిసారి
ఆపడానికి నా కింద ఏమీ లేదు.

తర్వాత వెనకచక్రం,
ముందుచక్రం,
నా పళ్లు,
అదే వరుసలో దిగాయి.

"ఎంతెత్తు?" అని కేకేశాను.
వాడు నాలుగువేళ్లు అడ్డంగా పెట్టి చూపించాడు.
బెత్తెడు.
"గొర్రె ఇంకొంచెం ఎక్కువే ఎగురుతుంది," అన్నాడు,
అబద్ధమాడటం ఇంకా రాని వయసు.

మళ్లీ వెళ్లాను. ఆగాను.
అదీ చెప్పాలి.
ఆ తర్వాత మళ్లీ వెళ్లాను.

సోమవారం పొద్దున,
బడి ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర
అద్దంలో మూడో వరుస కనిపించింది.
వాడు చూపుడువేళ్లు రెండూ విప్పి
ముందుసీటు కమ్మీ చుట్టూ వేసి
కళ్లెగరేశాడు.

"కూర్చో గ్వియోన్," అన్నాను
మిసెస్ ప్రిచర్డ్ గొంతుతో.
పాదం బ్రేకు మీదే ఉంది.
సోమవారం కదా.