ఇంటూ గుర్తు

పూతలపట్టు స్టేషన్లో నేను గడప తొక్కితేనే
రైటర్ దొరసామికి తెలుసు, కాయితం కోసమని.
"ఏమ్మా రెడ్డెమ్మా, ఈసారి ఎవురు పడినారు?"
అంటాడే గానీ బీరువా వైపు చూడడు,
ఫ్యాను వైపు చూస్తాడు.
నేనూ తొందరపడను.
వకీలు గుమాస్తాగా పద్నాలుగేళ్ళు.
ముందు వాళ్ళ పాప ఇంటర్ మార్కులు అడగాల,
తరవాతే నూట పదిహేడో నంబరు ఎఫ్ఐఆర్.

జూన్ నెల. తోతాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీ ముందు
మైలు పొడుగునా నిలబడే రోజులు.
చెంగల్రాయులు టీవీఎస్ మీద పాలక్యానుతో వస్తా ఉన్నాడు.
అంతవరకే ఆయనకు గుర్తు.
ఆ తర్వాత తిరుపతి ఆస్పత్రిలో
మోకాలి కింద దుప్పటి చదునుగా ఉన్న ఒక ఉదయం.

మధ్యలోది కాయితానికే తెలుసు.
"అతివేగంగా, అజాగ్రత్తగా" —
ఈ రెండు మాటలూ ప్రతి ఎఫ్ఐఆర్‌లోనూ ఉంటాయి,
పెళ్ళిపత్రిక మీద శ్రీరస్తు శుభమస్తు లాగా.
వాటి మీద ఆశ పెట్టుకోను.
లారీ నంబరులో ఏడు ఒకటిలా ఉంది.
కంపెనీ వకీలు ఆ ఒక్క గీత పట్టుకుని
లారీనే మాయం చేస్తాడు.
బ్రేకు ఇన్‌స్పెక్టరు రిపోర్టు తెచ్చి పక్కన పెట్టాను.
అందులో ఏడు ఏడుగానే ఉంది, బంపరు సొట్టతో సహా.
పంచనామాలో ఒలికిన పాల ఊసు లేదు,
రాసేసరికి ఎండిపోయుంటాయి.
కానీ టైరు గుర్తులు ముప్పై రెండడుగులు,
మొదలయింది లారీకి రాకూడని పక్కన.
పెన్సిలుతో కింద గీత గీసి, మళ్ళీ చెరిపాను.
వకీలు తానే కనిపెట్టినట్టు చదవాల గదా.

చిత్తూరు కోర్టు వరండాలో
వకాలత్ మీద వేలిముద్ర వేసి,
చంకకర్రలు గోడకానించి,
స్కెచ్ చూపించమన్నాడు చెంగల్రాయులు.
రెండు గీతల రోడ్డు, ఒక కల్వర్టు,
చింతచెట్టు అని రాసిన సున్నా,
దాని పక్కన ఇంటూ గుర్తు.
"ఇదేనా నేను?"
"అవునన్నా."
చానాసేపు చూశాడు.
"ఇంత దూరం ఎగిరిపడినానా" అని
బొటనవేలు దాని మీద పెట్టాడు.
సిరా ఇంకా ఆరలేదు.

మరక పడిన కాపీ ట్రిబ్యునల్లో చెల్లదు.
దాన్ని మడిచి ఆయన జేబులోనే పెట్టి
మళ్ళీ పూతలపట్టు బస్సెక్కాను.
"మొన్నే కదమ్మా ఇచ్చింది, ఏం చేసినావు దాన్ని?"
"వానకు తడిసిపోయింది సార్."
దొరసామి కిటికీలోంచి చూశాడు.
పదిరోజులుగా ఒక్క చినుకు లేదు.
బీరువా తాళం తీశాడు.