నలభై మిల్లీసెకన్లు

పాత ఇంటర్‌ఫేసుకు మార్చితో నూకలు చెల్లు.
ఉత్తరం మర్యాదగానే ఉంది:
ఇకపై దీన్ని వాడవద్దని మనవి.
మనవి అంటే ఏమిటో మా మేనేజర్ హెల్వికి తెలుసు,
నాకూ తెలుసు.

మా యాప్ చేసేది ఒక్కటే పని.
ఫోను కాసేపు తాను ఫోనన్న సంగతి మరిచి
గోరంత ప్లాస్టిక్ ట్యాగునని నటిస్తుంది.
ఔలు నది ఒడ్డున, మంచుకు కన్నం పెట్టి ఈదేవాళ్ళ
బట్టల గది తలుపు
ఆ నటనను నమ్మి తెరుచుకుంటుంది.
అంతే.
దానికి పదకొండు వేల లైన్లు.

పాత పద్ధతిలో వేషం మనమే కట్టాలి.
తెర వెలుగుతూ ఉండాలి,
లోపలొకడు పొద్దస్తమానం చెవి ఒగ్గి కూర్చోవాలి
తలుపు ఎప్పుడు పలకరిస్తుందా అని.
కొత్తది అలా కాదు.
ఏ పేరుకు పలుకుతావో ముందే రాసిచ్చి
పడుకో, అంటుంది.
పిలుపొస్తే మేం లేపుతాం.

రెండు వారాల్లో కోసి పారేశాను
ఆ కాపలా, ఆ తాళాలు, ఆ జాగారమంతా.
క్షవరం చేయించుకున్నంత హాయి.
తనేలి రాసిపెట్టిన ఒక్క మాట దగ్గర చెయ్యి ఆగింది:
"ఈ నలభై మిల్లీసెకన్లు తీయకండి.
తలుపు ఊపిరి పీల్చుకోవాలి."
తనేలి మానేసి ఆరేళ్ళు.
ఇనారిలో పడవలు బాగు చేస్తున్నాడట.
తలుపేమిటి, ఊపిరేమిటి!
అదీ తీసేశాను.

బల్ల మీద పరీక్షలన్నీ నెగ్గాయి.
తొంభై, సున్నా. తొంభై, సున్నా.
యంత్రాల భాషలో సరే, సరే.

గురువారం పొద్దున్నే ఆరింటికి ఫోను.
ఇర్యా కెస్కితాలో, డెబ్బై మూడేళ్ళు,
స్నానపు గౌను మీద కోటు, కాళ్ళకు రబ్బరు చెప్పులు,
బయట మైనస్ ఇరవై ఆరు.
"అమ్మాయ్, నీ తలుపు నన్ను గుర్తుపట్టటం లేదు."
కోపంగా కాదు,
మతిమరుపు వచ్చిన చుట్టం సంగతి చెప్పినట్టు.

వెళ్ళాను.
నా వేళ్ళకంటే ముందు ల్యాప్‌టాప్ బ్యాటరీ కొయ్యబారింది.
గోడమీది పెట్టె చలికి బిగుసుకుపోయి
అడగడం అడుగుతోంది,
అడిగి చెవి పెట్టేలోపే
మన జవాబు దాటిపోతోంది.

కొత్తదానిలో ఆలస్యానికి చోటు లేదనుకున్నాను.
ఉంది. పత్రం అడుగున ఎక్కడో, పొట్టి వాక్యం:
జవాబు ఇప్పుడే లేకపోతే శూన్యం తిప్పి పంపు,
సిద్ధమయ్యాక చెప్పు.
కాదనడం కాదు, లేదనడం కాదు.
ఉండు, వస్తున్నా, అనడం.

ఇర్యా ఫ్లాస్కు మూతలో కాఫీ పోసిచ్చింది.
మోకాళ్ళమీద కూర్చుని శూన్యం రాశాను,
నలభై ఆగమన్నాను,
అప్పుడు తొంభై, సున్నా.
తలుపు కిర్రుమంది.

ఆమె నాకు థాంక్స్ చెప్పలేదు.
తలుపు చెక్కను అరచేత్తో ఒకసారి తట్టి
లోపలికి వెళ్ళింది.

తనేలి మాటను ఉన్నదున్నట్టు తెచ్చి మళ్ళీ పెట్టాను.
దాని కింద నాదొకటి:
"నిజమే. చూశాను."